వేలాడే దారాన్ని కత్తిరించే ముందు

ఇన్నేళ్లూ ఏం పని చేశారని ఎవరైనా అడిగితే "డ్రెస్సుల గది చూసుకునేదాన్ని" అంటాను. అది సగమే నిజం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మా నాటక సమాజానికి ఒక రేకుల షెడ్డు ఉంది. దాని వెనక భాగం నా గది. రాజుగారి కిరీటం నుంచి పోలీసు టోపీ దాకా, విరిగిన కుర్చీ నుంచి గార్డు లాంతరు దాకా అన్నీ నా చేతి కిందే ఉండేవి. కుట్టేది నేను, ఉతికేది నేను, ఏదైనా కనబడకపోతే మాట పడేది నేను. ఈ మధ్యే తాళాలు అప్పగించాను. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లని పిలవాల్సి వస్తోంది. ఇక చాలు.

నేను చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు. కాబట్టి ఇందులో పెద్ద మాటలు వెతక్కండి. నాకు శాలువా ఎవరు కప్పారో, ఏ నాటకానికి ఏ కప్పు వచ్చిందో రాయను. వాటి వల్ల మీకు ఒక గుండీ కూడా అతకదు. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లు నేను చేసిన ఒక తప్పు మళ్లీ చేయకూడదు, అందుకు రాస్తున్నాను.

ఒక రాజు, ఒక దారం

నాకు పని నేర్పింది మా సమాజాన్ని మొదట నడిపిన మేష్టారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరిన మనిషి. పగలు లేత్ మిషను, సాయంత్రం నాటకం. ఆయన నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది.

నేను చేరిన కొత్తలో ఒక పౌరాణికం వేశాం. చివర్లో రాజు చనిపోతాడు, రాణి అతని మీద పడి ఏడుస్తుంది. రాజుగారి భుజం మీద జరీ అంచు నేనే కుట్టాను. ముడి వేశాక మిగిలిన దారం కత్తిరించడం మరిచిపోయాను. రాణి ముక్కుపుడక ఆ దారానికి తగులుకుంది. ఆమె లేవబోతే చచ్చిపోయిన రాజు భుజం కూడా లేచింది. రెండోసారి లేవబోతే మళ్లీ లేచింది. హాలంతా పగలబడి నవ్వింది.

తెర పడ్డాక మేష్టారు నా గదికి వచ్చారు. "రాజు సచ్చిపోతంటే జనం నవ్వినారు. ఆ నవ్వు ఎవరిది?" అన్నారు.

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"నీది. ఇంటికి అట్టుకెల్లు," అన్నారు.

అప్పటి నుంచి నాకొక పద్ధతి వచ్చింది. నాటకానికి ముందు ప్రతి బట్టా నా వేళ్ల కిందుగా పోవాల్సిందే. ఎక్కడ దారం వేలాడినా కత్తెర. కత్తిరించిన దారం జానెడు కంటే పొడుగుంటే పారేయను, ఖాళీ రీలుకి చుట్టుకుంటాను. ఆ రీలుతో ఎన్ని గుండీలు కుట్టానో లెక్క లేదు. బట్టల ముక్కలు గోల్‌బజార్ దుకాణాల్లో మూటగట్టి ఊరికే ఇచ్చేవారు. నేను అడిగే తీరుకి ఇవ్వకుండా ఉండలేకపోయేవారు అనుకోండి.

ఈ పద్ధతి మంచిది. ఇప్పటికీ మంచిదనే అంటాను. మంచి పద్ధతి కూడా ఒక్కోసారి అడగకుండా చెయ్యి నడిపిస్తుంది. అక్కడే జాగ్రత్త.

ఇంకో పద్ధతి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. మిషను విప్పి బాగుచేసేటప్పుడు స్విచ్చు దగ్గర ఎర్ర బిళ్ల ఒకటి కడతారు. కట్టినవాడి పేరు దాని మీద ఉంటుంది. ఎవడు కడితే వాడే విప్పాలి. పక్కవాడు ముట్టకూడదు, ఫోర్‌మేన్ అయినా సరే ముట్టకూడదు. వాడు టీకి పోయినా, ఆ పూట సెలవు పెట్టినా బిళ్ల అలాగే ఉంటుంది. ముట్టుకుంటే లోపల ఎవడి చెయ్యి ఉందో ఎవరికి తెలుసు? ఈ మాట రైల్వే ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి ఏం చేశానో ముందు చదువుతారు.

తిట్ల పొయ్యి

మేష్టారు పోయాక సమాజాన్ని నిర్మల్ చేపట్టాడు. బెంగాలీ అబ్బాయి, కానీ మా క్వార్టర్ల లైనులోనే పెరిగాడు. వాళ్లమ్మ చేపలకూర మా ఇంటికి వచ్చేది, మా పులుసు వాళ్లింటికి వెళ్లేది. మనలాగే తెలుగు మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం బెంగాలీలోకి దిగుతాడు. అందరికీ నిర్మల్‌దా, అంటే నిర్మల్ అన్న. నన్ను మాసీమా, అంటే పిన్నీ, అంటాడు.

ఇక్కడి ఇంజినీరింగ్ విద్యాసంస్థలో పరిశోధన చేసుకునే ఒక కుర్రాడు, పేరు కిరణ్, గుంటూరు వైపు వాడు, ఒకరోజు తెలుగు నాటకం ఉందని విని చూడ్డానికి వచ్చాడు. నాటకం అయ్యాక నిర్మల్‌తో టీ తాగుతూ కూర్చున్నాడు. ఆ టీలు నెల రోజులు సాగాయి. చివరికి ఇద్దరూ కలిసి ఒకటి అనుకున్నారు: కాలనీ బడుల నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని పిలవాలి. లోకంలో ఇంతవరకూ లేని యంత్రాన్ని వాళ్లే ఊహించాలి. దాని చుట్టూ చిన్న నాటిక అల్లాలి. యంత్రాన్ని తయారుచేసి స్టేజీ మీద చూపించాలి. తయారుచేయడానికి సామాను? ఇంకెక్కడిది, నా గదిలోదే.

"మాసీమా, పిల్లలు ఏటి అడిగితే అది ఇయ్యండి," అన్నాడు నిర్మల్.

"ఏటడిగితే అదా? రాజుగారి కిరీటం కోసి సక్రాలు సేసుకుంటారు."

"కిరీటం తప్ప."

"గద?"

"గద కూడా తప్ప. అరే బాబా, మిగతాది ఇయ్యండి!"

మొదటి రోజే పాతికమంది పిల్లలు నా డబ్బాలన్నీ తిరగేశారు. బెంగాలీ పిల్లలు దిదా అంటారు, మనవాళ్లు మామ్మ అంటారు. ఏమని పిలిచినా తీసింది తీసినచోట పెట్టరు. ఈ సైన్సు ఏమిటో గానీ మూడు నెలల్లో ముగిసిపోతే బాగుండునని దేవుడికి చెప్పుకున్నాను.

కిరణ్ సారు వాళ్లకి ఒకే ఒక నియమం పెట్టాడు. "మీ యంత్రంలో ఒక్క పని నిజంగా జరగాలి. మిగతాదంతా నటించండి, ఎగరండి, చంద్రుడి మీదకి వెళ్లండి, నేనేమీ అనను. ఆ ఒక్కటి మాత్రం జనం ముందు జరిగి తీరాలి. అందులో మోసం ఉండకూడదు."

ఆ నియమం నాకు నచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ముగ్గురు పిల్లలు నా దగ్గరికి వచ్చారు. "మామ్మా, ఒకసారి తిట్టవా?"

"ఎందుకురా?"

"కొలవాలి."

వాళ్లు ఊహించిన యంత్రం పేరు తిట్ల పొయ్యి. ఇంట్లో ముసలమ్మ తిడుతుంటే ఆ తిట్ల వేడికి టీ కాగుతుందట. గ్యాసు అక్కర్లేదట. ముసలమ్మ వేషం వేసే పిల్ల నా కళ్లజోడులాంటిది పెట్టుకుని, నాలాగే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఎవరి గురించో నాకు తెలియదనుకున్నారు.

"గ్యాసు మిగులుతాదంటే తిట్టడానికి నాకేటి అడ్డం? మరి నిజం ఎక్కడుంది ఇందులో?" అని అడిగాను.

చూపించారు. ఇనప గొట్టానికి నా మంచి తాడు రెండు చుట్లు చుట్టి, చెరో కొసా పట్టుకుని, మజ్జిగ చిలికినట్టు ఇటూ అటూ లాగారు. లాగి లాగి చెమటలు పట్టాక, "ముట్టుకో మామ్మా" అన్నారు. ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసేశాను. నిప్పు లేకుండా ఇనుము కాలుతోంది.

ఆ రోజు ఇంటికి వెళ్లి చాలాసేపు అదే ఆలోచించాను. మిషను ఆపకుండా మందపాటి గుడ్డ కుడితే సూది వేడెక్కుతుంది. అది నేను ఎన్ని వందల సార్లు చూడలేదు! చూశాను, వేలు కాల్చుకున్నాను, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అడగడం నా పని కాదనుకున్నాను.

మర్నాటి నుంచి కిరణ్ సారు కనబడినప్పుడల్లా ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను. ఇస్త్రీ పెట్టె మీద నీటి చుక్క ఎందుకు పరుగెడుతుంది? నల్ల కోటు ఎండలో ఎందుకు త్వరగా ఆరుతుంది? అతను ఒక్కసారి కూడా నవ్వలేదు. తెలిస్తే చెప్పేవాడు, తెలియకపోతే "నాకు తెలియదండీ, చూద్దాం" అనేవాడు. నా బతుకులో చాలామంది పెద్దవాళ్ల కింద పనిచేశాను. నాకు తెలియదు అన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. మీకు అలాంటివాళ్లు దొరికితే వదులుకోకండి.

గౌరి అడిగిన కోటు

గౌరి తొమ్మిదో తరగతి పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. వాళ్ల నాన్న సూర్రావు వర్క్‌షాపులో కమ్మరి పని, పెద్ద సుత్తుల దగ్గర. ఇరవై ఏళ్లకి పైగా ఆ చప్పుడులో నిలబడి చెవులు మందగించాయి. కొన్నాళ్లుగా మరీ తగ్గిపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే గోడని పిలిచినట్టే. పెళ్లిళ్లకి మానేశాడు. పూజ పందిళ్లకి మానేశాడు. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఏదో అనడం, ఇతను వేరేదానికి తలూపడం, జనం నవ్వడం. ఎందుకొచ్చిన బాధని ఇంట్లోనే ఉండిపోయేవాడు.

"మామ్మా, పాత కోటు ఒకటి ఉందా?" అని అడిగింది గౌరి.

"ఎవరికే?"

"నాన్నకి. పిలుపుల కోటు సేస్తాను."

ఆ పిల్ల ఊహ ఇది. రాబోయే రోజుల్లో ఊరంతా ఆ కోటు వేసుకుంటుంది. అమ్మ పిలిస్తే ఎడమ భుజం మీద తెలుస్తుంది. ఫోర్‌మేన్ పిలిస్తే మడమ దగ్గర తెలుస్తుంది, అందుకని అందరూ గబగబా నడుస్తారు. అప్పులవాడు పిలిస్తే ఏమీ తెలియదు. ఇదంతా నాటకం. నిజం ఒక్కటే: కూతురు పిలిస్తే కుడి జేబులో తెలుస్తుంది.

రైల్లో టికెట్లు చూసే టీటీ వేషానికి వాడిన పాత కోటు తీసి ఇచ్చాను. నల్లది, గట్టి గుడ్డ. గౌరి పాలడబ్బా ఒకటి తీసుకుని, మూతికి బుడగ రబ్బరు బిగించి, అది జేబులో పెట్టింది. సూర్రావు జేబులో చెయ్యి పెడితే వేళ్ల కొసలు రబ్బరుకి ఆనుతాయి. డబ్బా నుంచి పురికొస ఒకటి కోటు వెనక చేసిన కన్నంలోంచి బయటికి వస్తుంది. అవతలి కొసకి ఇంకో డబ్బా. అది గౌరి చేతిలో. దారం బిగుతుగా లాగి ఆ డబ్బాలోకి పిలిస్తే ఇవతల రబ్బరు వణుకుతుంది. నా చెవుల్లో దూది పెట్టి, నా వేళ్ల మీదే చూపించింది. చీమ పాకినట్టు, పిల్లి గుర్రుమన్నట్టు తెలిసింది.

"ఇది మాటా?" అన్నాను.

"మాట వణుకు మామ్మా. సార్ సెప్పినాడు, మాటంటేనే వణుకంట."

నలభై ఏళ్లు దారంతో బతికినదాన్ని. దారం మాట మోస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

సూర్రావు కొలతలకి ఒకసారి వచ్చాడు. పొడుగ్గా, వంగి ఉంటాడు. "సెయ్యి పైకెత్తు బాబూ" అంటే నవ్వుతూ తలూపాడు, ఎత్తలేదు. నేనే ఎత్తి కొలిచాను. వెళ్లేముందు కూతురి ఎదురుగా నిలబడి, చెవులు వినబడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అడిగాడు: "మా వర్క్‌షాపోళ్లు కూడా వత్తారు గదా. నువ్వు పిలిసినాక నాకు తెలీకపోతే?"

"తెలుస్తాది నాన్నా."

"తెలీకపోతే మళ్లీ నన్ను ఎక్కడికీ రమ్మని అడక్కు."

గౌరి సరేనంది. ఆ మాట నా ముందే అనుకున్నారు. నేను విన్నాను. విని కూడా చేశాను, అదీ చెప్పాల్సింది.

నా చెయ్యి

ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం, బడి హాల్లో. ముందురోజు పిల్లలకి పరీక్షలు, ఎవరూ రాలేదు. నేను ఎప్పటిలాగే బట్టలన్నీ వరసగా పెట్టుకుని వేళ్ల కిందుగా పోనిస్తున్నాను. గౌరి కోటు చేతికి వచ్చింది.

నల్ల కోటు వెనక అరచేయి పట్టేంత కన్నం. అంచులు పీచు పీచుగా ఉన్నాయి. అందులోంచి తెల్ల పురికొస బారలకి బారలు, ఉండచుట్టి వేలాడుతోంది. సూర్రావు వర్క్‌షాపువాళ్ల ముందు ఈ కోటు వేసుకుని కూర్చుంటాడు. చిరుగుల కోటని నవ్వరా? ఆ దారం ఎవరి కాలికైనా తగులుకుంటే? నా చెవిలో మేష్టారి మాట: ఆ నవ్వు ఎవరిది?

దారం ఎందుకుందో నాకు తెలియక కాదు. మాట దానిలోంచి పోతుందని తెలుసు. కానీ నేను అనుకున్నదేమిటంటే, కుళాయి గొట్టంలో నీళ్లు పోయినట్టు దారంలో మాట పోతుందని. గొట్టాన్ని గోడ పొడుగునా క్లిప్పులు కొట్టి బిగిస్తాం. నీళ్లు ఆగుతాయా? ఆగవు. అలాగే దారాన్ని అతుకు వెంబడి పైకి తీసుకెళ్లి, అంగుళానికి ఒక కుట్టు వేసి, కాలరు దగ్గర బయటికి తీశాను. కన్నం రఫూ చేసి మూసేశాను. నల్ల దారంతో వేసిన కుట్టు కనబడనే కనబడదు, అంత బాగా వచ్చింది. ఇక మిగిలిన పురికొస. రెండు మూరలు ఉంచి తక్కినది కత్తిరించి రీలుకి చుట్టుకున్నాను.

చేసింది రైల్వే ఇంటి ఆడది, ముప్పై ఏళ్లు ఎర్ర బిళ్ల కథ విన్నది. ఆ కోటు మీద బిళ్ల లేదు గదా అని కూడా అనుకోలేదు. అసలు గుర్తుకే రాలేదు.

ఆదివారం తెర వెనక హడావిడి. గౌరి తన డబ్బాకి దారం ముడివేస్తూ ఆగిపోయింది.

"మామ్మా, దారం పొట్టిగా ఉందేటి? ఇలాగ పైనుంచి వచ్చిందేటి?"

"శుబ్రంగా సేసినాను. సరిపోద్ది. నడు నడు, నీ వంతు వచ్చేసింది."

నా గొంతు ఎలాంటిదో కాలనీలో అందరికీ తెలుసు. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు.

నాటిక బాగా నడిచింది. ఫోర్‌మేన్ పిలుపుకి మడమలు ఎగరేసిన పిల్లాణ్ని చూసి షాపువాళ్లు ఈలలు వేశారు. తర్వాత సూర్రావు వచ్చి స్టేజీ మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ముఖం జనం వైపు, వీపు కూతురి వైపు, కుడి చెయ్యి జేబులో. పిలుపు తెలిస్తే ఎడమ చెయ్యి ఎత్తాలి. గౌరి దారం లాగి పట్టుకుని డబ్బాలోకి పిలిచింది.

"నాన్నా!"

చెయ్యి లేవలేదు. మళ్లీ పిలిచింది. మూడోసారి అరిచింది. హాల్లో చివరి వరసకి కూడా వినబడింది, ముందు కూర్చున్న ఒక్క మనిషికి తప్ప.

షాపువాళ్లలో ఒకడు, "ఓరి సూరిగా, నిద్దరోయినావేటి?" అన్నాడు. కొందరు నవ్వారు. సూర్రావుకి నవ్వు కనబడింది, ఎందుకో తెలియలేదు. అలవాటుగా తానూ నవ్వుతూ తలూపాడు. కొంచెంసేపటికి అతనికే అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. జేబులో చెయ్యి మాత్రం తీయలేదు.

నిర్మల్ నా భుజం పట్టుకున్నాడు. "మాసీమా, ముందు వరసలోకి ఎల్లి సైగ సెయ్యండి. ఆయన సెయ్యి ఎత్తితే సాలు. జల్దీ!"

నేను రెండడుగులు వేశాను కూడా. అవతలి పక్క కిరణ్ సారు కదలకుండా గౌరినే చూస్తున్నాడు. గౌరి డబ్బా దింపి జనం వైపు తిరిగింది.

"ఇది పని సెయ్యలేదు. ఎందుకో సూస్తాను, ఉండండి," అంది.

అంతమంది ముందు, పద్నాలుగేళ్ల పిల్ల. నిర్మల్ తల పట్టుకున్నాడు. గౌరి తన డబ్బా నుంచి దారం మీద వేలు జరుపుతూ నెమ్మదిగా ముందుకి కదిలింది. కాలరు దగ్గర ఆగింది. దారం లాగి చూసింది. కోటు కదిలింది, దారం కదల్లేదు. అప్పుడు తలెత్తి నేనున్న వైపు చూసింది.

"ఇక్కడ కుట్టేసి ఉంది," అంది అంతే. ఎవరు కుట్టారో అనలేదు.

ఆ పిల్ల చెప్పదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నిలబడినచోటే నిలబడి ఉంటే సరిపోయేది. నా మెడలో కత్తెర వేలాడుతోంది. ఇన్నేళ్లలో తెర ముందుకి నేను ఎన్నడూ వెళ్లలేదు. వెళ్లాను.

"కుట్టింది నేనే. అడక్కుండా కుట్టినాను," అన్నాను. గొంతు పెద్దదే గదా, అందరికీ వినబడింది.

సూర్రావు వెనక మోకాళ్ల మీద కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. నా కుట్టు తొందరగా ఊడదు, అదే అప్పటిదాకా నా గొప్ప. ఒక్కొక్కటీ తెంపుతుంటే గౌరి జనానికి చెబుతోంది: "దారం గాల్లో ఉండాలండి. అప్పుడే వణుకుతాది. గుడ్డకి కుట్టేస్తే ఆ వణుకు గుడ్డే తినేస్తాది. ఇక్కడిదాకా రాదు." నేను కింద కూర్చుని పాఠం విన్నాను. ఈసారి శ్రద్ధగానే విన్నాను. ఆఖరికి నేను రఫూ చేసిన కన్నాన్ని నేనే మళ్లీ కత్తిరించాను. మంచి గుడ్డని అలా కోయడం నా చేతికి కష్టమైంది, అబద్ధం ఎందుకు.

దారం తిన్నగా వచ్చింది. కానీ పొట్టిది. ఎనిమిది అడుగుల దూరం నుంచి పిలవాల్సిన పిల్ల ఇప్పుడు తండ్రి వీపుకి దగ్గరగా నిలబడాలి. నా రీలు తీసి ఇవ్వబోయాను. "ముడేస్తే కొంత పోతాది మామ్మా, వద్దు," అంది. దగ్గరగానే నిలబడింది. దారం బిగించింది. ఈసారి అరవలేదు. ఇంట్లో పిలిచినట్టు పిలిచింది.

సూర్రావు ఎడమ చెయ్యి ఎత్తడం మరిచిపోయాడు. కుర్చీలో మొత్తం వెనక్కి తిరిగిపోయాడు.

"ఏటే, పిలిసినావా?"

గౌరి తలూపింది. అతను కాసేపు కూతురి ముఖం చూశాడు. తర్వాత మళ్లీ జనం వైపు తిరిగి, సర్దుకుని కూర్చుని, జేబులో చెయ్యి సరిగ్గా పెట్టుకున్నాడు. హాలు దద్దరిల్లేలా అన్నాడు:

"మళ్లీ పిలు!"

ఎన్నిసార్లు పిలిపించుకున్నాడో నేను లెక్కపెట్టలేదు. తర్వాతి నాటిక ఆలస్యమైంది.

ఆ తర్వాత

నిర్మల్‌ని తప్పుపడుతున్నానని అనుకోకండి. స్టేజీ మీద నిశ్శబ్దం అంటే నాటకంవాళ్లకి భయం. ఎలాగైనా దాన్ని నింపేయాలని చూస్తారు. ఆ రోజు నేను సైగ చేసి ఉంటే సూర్రావు చెయ్యి ఎత్తేవాడు, చప్పట్లు పడేవి. ఇంటికి వెళ్లాక ఆ పిల్ల వెనక నుంచి పిలిస్తే? కిరణ్ సారు నియమం నాకు ఎందుకు నచ్చిందో అప్పుడు తెలిసింది.

కిరణ్ సారు నన్ను తిట్టలేదు. ఏమనుకుని అలా కుట్టారని అడిగాడు. కుళాయి గొట్టం సంగతి చెప్పాను. "బాగానే ఉందండీ ఆ ఆలోచన. ముందే చెప్పి ఉంటే ఇద్దరం కట్టి చూసేవాళ్లం," అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

తర్వాతి వారమంతా నేనూ గౌరీ నా గది వరండాలో దారాలు కట్టి చూశాం. ఉన్ని దారం మాటని మింగేస్తుంది. నూలుది పర్వాలేదు. చెప్పులు కుట్టేవాళ్ల మైనపు దారం ఇంకా మేలు. చేపల గేలానికి కట్టే సన్నని నైలాను తీగ అన్నిటికంటే బాగా మోసింది, మా వరకూ. ఎందుకని ఇద్దరం అడిగాం. కిరణ్ సారు చెప్పినది సగం అర్థమైంది. మిగతా సగం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఇంట్లో మా ఆయనకి జరిగింది చెప్పాను. అన్నం తినడం ఆపి, "బిల్ల ఎవుడు కడితే ఆడే ఇప్పాలని నీకు ఎన్నిసార్లు సెప్పినాను?" అన్నాడు.

"అది మిషనుకి గదా."

"ఆ పిల్లగుంట సేసింది మిషను కాదేటి?"

మర్నాడు పాత ఎర్ర తెర ఒకటి చించి ముక్కలు చేశాను. చినిగిన తెరే లెండి. ప్రతి ముక్కకీ ఒక పిన్నీసు. ఎవరి యంత్రానికి వాళ్లే తమ పేరు రాసిన ఎర్ర గుడ్డ తగిలించుకోవాలి, పని అయిపోయాక వాళ్లే తీయాలి. అప్పటిదాకా నేను గానీ, నిర్మల్ గానీ, కిరణ్ సారు గానీ దాని మీద చెయ్యి వేయకూడదు. తిట్ల పొయ్యి పిల్లలు నా కళ్లజోడు పెట్టెకి కూడా ఒక ఎర్ర గుడ్డ కట్టారు. అది వేరే సంగతి.

ఈ గది తీసుకునేవాళ్లకి చెప్పేది ఇదే. బట్టలు వేళ్ల కిందుగా పోనివ్వండి, దారాలు కత్తిరించండి, జానెడు పైబడితే రీలుకి చుట్టండి. ఎర్ర గుడ్డ కనబడితే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ఆ పిల్లనో పిల్లాణ్నో పిలిచి అడగండి. అడిగేటప్పుడు నా గొంతుతో అడక్కండి.

తలుపు వెనక, ఎడమ వైపు కొక్కేనికి ఒక నల్ల టీటీ కోటు ఉంటుంది. వెనక పెద్ద కన్నం, అంచులు పీచు పీచుగా ఉంటాయి. ఇప్పుడు దానికి ఒకటి కాదు, మూడు దారాలు. గౌరి పాలిటెక్నిక్‌లో చేరింది. సెలవులకి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మారుస్తుంది. ఎవరు పిలిచారో కూడా వేళ్లకి తెలియాలట, ఇంకా కుదరలేదట. సూర్రావు వెంట వస్తాడు, స్టూలు మీద కూర్చుని జేబులో చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తాడు. ఆ కోటుకి ఎర్ర గుడ్డ ఇంకా ఉంది.

దుమ్ము పట్టి ఉంటుంది, ఉతక్కండి. దారాలు నేలదాకా వేలాడుతుంటాయి. చూడగానే మీ చెయ్యి కత్తెర మీదికి పోతుంది. నాకూ పోయింది.